నీళ్లు ఒలకని రోడ్డు

ఏలూరు పవరుపేటలో ఇక్బాల్ సైకిలు షాపుకి బోర్డు లేదు. ఒకప్పుడు ఉండేది. దాని మీద 'సైకిళ్లు గంటల లెక్కన అద్దెకివ్వబడును' అని రాసి ఉండేది గనక, అద్దె సైకిళ్ల కాలం వెళ్లిపోయాక అది అబద్ధమాడుతున్నట్టుందని తనే దించేసి, ఆ రేకుని పెరట్లో కోళ్ల గూటికి తలుపు చేశాడు. బోర్డు లేకపోయినా వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు. బడిపిల్లలు, పాల క్యాన్లవాళ్లు, ఈమధ్య నెత్తిన హెల్మెట్లు పెట్టుకుని పొట్ట తగ్గించుకోవడానికి పొద్దున్నే బయల్దేరే బ్యాంకు ఆఫీసర్లు. అందరి సైకిళ్లూ అతనికి ఒకటే. సైకిలుని తలకిందులుగా నిలబెట్టి, చక్రాన్ని ఒక్క తిప్పు తిప్పి, చెవి ఒగ్గి వింటాడు. గ్రీజు ఎండిందా, బాలు అరిగిందా, చువ్వ వదులైందా అన్నది ఆ చప్పుడే చెబుతుందంటాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. గడ్డం పూర్తిగా నెరిసింది గానీ ఆ వినికిడికి మాత్రం వయసు రాలేదు.

ఇంట్లో భార్య నసీమా, ఆటో నడిపే కొడుకు వసీమ్, కోడలు, పద్నాలుగేళ్ల మనవరాలు షాహీన్. తండ్రి తండ్రిని వాళ్లిళ్లలో దాదా అంటారు. ఆ పిల్ల రోజుకి వందసార్లు 'దాదా' అని పిలిచేది, ఇతను వందసార్లూ పలికేవాడు.

షాహీన్‌కి స్కేటింగు పిచ్చి ఎలా పట్టిందంటే, అదీ ఈ షాపు వల్లే. మూడేళ్ల కిందట ప్రదీప్ అనే కుర్ర కోచ్ ఒకతను బిగుసుకుపోయిన స్కేటు చక్రం ఒకటి పట్టుకొచ్చి, ఇది మీవల్ల అవుతుందా అండీ అని మొహమాటంగా అడిగాడు. ఇక్బాల్ దాన్ని విప్పి, కిరసనాయిల్లో కడిగి, బాల్ బేరింగుని గోటితో తిప్పి, ఇది కాలికి కట్టుకునే సైకిలే కదండీ అన్నాడు. పక్కన కూర్చుని చూస్తున్న షాహీన్, నేను కట్టుకుంటా అంది. అంతే. ప్రదీప్ ఒక కల్యాణ మండపం వెనక ఉన్న సిమెంటు గచ్చు మీద తొమ్మిదిమంది పిల్లలకి నేర్పేవాడు. పదో పిల్ల చేరింది. ఏడాది తిరిగేసరికి తొమ్మిదిమందీ దాని వెనకే ఉన్నారు.

ఇక్కడ షాహీన్ కష్టం ఏమిటో చెప్పాలి. గచ్చు మీద తిరగడం అంటే ఎప్పుడూ ఎడమ చేతివైపు తిరగడమే. కాలితో నాలుగు తోపులు తోస్తే ఒక మలుపు. అలా మూడేళ్లు తిరిగిన కాళ్లకి తిన్నగా పోవడం తెలియదు. వేసవిలో విశాఖపట్నంలో సముద్రం ఒడ్డు రోడ్డు మీద రోడ్డు పందాలు పెడుతున్నారు. వాటికి పేరు పంపాలంటే బయటి రోడ్డు మీద ఆగకుండా అయిదు కిలోమీటర్లు, పదమూడు నిమిషాల్లోపు పూర్తి చేయాలి. తన కళ్లతో చూసి, తన గడియారంతో కొలిచిన టైమే కాగితం మీద రాస్తానని ప్రదీప్ ముందే చెప్పాడు. పిల్లంటే ప్రాణం గానీ, ఆ ఒక్క విషయంలో మాత్రం మెత్తబడే మనిషి కాదు.

మరి ఏలూరులో అయిదు కిలోమీటర్ల నున్నటి ఖాళీ రోడ్డు ఎక్కడుంది? లారీ లేని చోట గుంత ఉంటుంది, గుంత లేని చోట లారీ ఉంటుంది.

నేను వెతుకుతా అన్నాడు ఇక్బాల్.

అలా డిసెంబరు నెల మొదలుకొని ప్రతి ఆదివారమూ తెల్లవారకముందే సైకిలెక్కడం మొదలుపెట్టాడు. దూరమైతే బస్సు మీద సైకిలు వేయించుకుని వెళ్లి, అక్కడ దిగి తొక్కేవాడు. రోడ్డు మంచిదో కాదో తేల్చడానికి అతనికో పద్ధతి ఉంది. సైకిలు ముందు బుట్టలో గుడ్డ కుదురు చుట్టి, దాని మీద స్టీలు గ్లాసు పెట్టి, అంచుకి ఒక వేలు కింది దాకా నీళ్లు పోస్తాడు. కిలోమీటరు తొక్కి దిగి చూస్తాడు. నీళ్లు ఎన్ని వేళ్లు తగ్గితే రోడ్డు అంత చెడ్డదన్నమాట. సైకిలు టైరులో గాలి ఉంటుంది, గతుకుని మింగేస్తుంది, అది మనిషికి తెలియదు. స్కేటు చక్రంలో గాలి లేదు, ప్రతి గరుకూ పిల్ల మోకాలికి తగులుతుంది, అందుకని మనిషిని కాక నీళ్లని అడగాలి అనేది అతని వాదం. చూసినవన్నీ పాత క్యాలెండరు కాగితాల వెనక రాసుకునేవాడు. ఫలానా రోడ్డు, నాలుగు వేళ్లు. ఫలానా గట్టు, గ్లాసంతా.

ఆ గ్లాసు నసీమా బియ్యం కొలుచుకునే గ్లాసు. ఆదివారం బియ్యం కడగబోయేసరికి గ్లాసు ఉండదు.

"ఊళ్లో రోడ్లన్నిటికీ నీళ్లు తాగించి వస్తున్నారా? నాకో గ్లాసు మంచినీళ్లిచ్చి ఎన్నేళ్లయిందో ఎప్పుడైనా లెక్క చూసుకున్నారా?" అనేది ఆవిడ.

ఇతను నవ్వి మరో గ్లాసు వాడుకోమనేవాడు. ఆ గ్లాసే ఎందుకంటే అడుగు వెడల్పట, ఒరగదట. ఆవిడా అందుకే వదలదు.

మొదటి ఆదివారం కొల్లేటికోట వైపు వెళ్లాడు. రెండు పక్కలా చేపల చెరువులు, మంచులో తల ఒక్కటే కనిపించే గూడబాతులు, రోడ్డు నల్లగా నిగనిగలాడుతూ ఉంది. గ్లాసులో నీళ్లు ఒక్క వేలే తగ్గాయి. దొరికిందిరా అని సంబరపడి, దిగి, అరచేత్తో రోడ్డుని తడిమాడు. చెయ్యి జిగురు. చేపల లారీల్లోంచి కారిన ఐసు నీళ్లు. అక్కడ చెప్పులేసుకున్న మనిషే జారతాడు, చక్రాలేసుకున్న పిల్లని ఎలా వదులుతాం? ఆ తరవాతి వారం నల్లజర్ల. చల్లగా బాగుంది గానీ అక్కడి రోడ్డు ఎక్కుతుంది, దిగుతుంది. పామాయిలు గెలల ట్రాక్టర్లు ఎదురొస్తాయి. మరో వారం తాడేపల్లిగూడెంలో పాత రన్‌వే చూశాడు. దాని మీద ఊరంతా కార్లు నేర్చుకుంటోంది. ఒకాయన రివర్సు నేర్చుకుంటూ ఇక్బాల్ సైకిలు దాకా వచ్చి, అక్కడ ఆపి, క్షమించండి, ఇంకా బ్రేకు పాఠం అవలేదు అన్నాడు.

సముద్రాన్ని కూడా వదల్లేదు. పందెం సముద్రం ఒడ్డున గదా అని పేరుపాలెం దాకా వెళ్లాడు. రోడ్డు చూడముచ్చటగా ఉంది. గాలి కూడా ఉంది. ఆ గాలికి ఇసుక లేచి రోడ్డు మీద సన్నగా, చీర అంచులా పరుచుకుని ఉంది. ఇసుకలో చక్రం దిగితే మనిషి ముందుకి పోతాడు, చక్రం వెనకే ఉండిపోతుంది. అలల దగ్గర కాళ్లు తడుపుకుని, మనవరాలికి రెండు గవ్వలు ఏరుకుని వచ్చేశాడు.

జనవరి నెలాఖరుకి గాని అతనికి దొరకలేదు. ఉంగుటూరు దాటాక దక్షిణాన కొల్లేరు వైపు దిగే గట్టు మీద కొత్తగా వేసిన తారు రోడ్డు. ఒక పక్క పంటకాలవ, రెండో పక్క అప్పుడే రెండో పంటకి నాట్లు వేసిన దాళ్వా చేలు. నీడకి కూడా చెట్టు లేదు, వంపు లేదు, గీత గీసినట్టు అయిదున్నర కిలోమీటర్లు. ఇక్బాల్ ఆ చివర దిగి చూస్తే గ్లాసులో నీళ్లు పోసినవి పోసినట్టే ఉన్నాయి. నమ్మలేక మళ్లీ తొక్కి వెనక్కి వచ్చాడు. అప్పుడూ అంతే. క్యాలెండరు కాగితం మీద ఏమీ రాయకుండా సున్నా చుట్టి, ఆ నీళ్లు అక్కడే నిలబడి తాగేశాడు.

తరవాతి మూడు ఆదివారాలూ షాహీన్ అక్కడే సాధన చేసింది. వసీమ్ ఆటోలో అందర్నీ తీసుకొచ్చేవాడు, సైకిలుని ఆటో వెనక కట్టి. ఇక్బాల్ సైకిలు మీద ముందు పోయేవాడు, షాహీన్ అతని వెనక చక్రానికి మూడు గజాల దూరంలో వచ్చేది. కుక్క అడ్డొస్తే బెల్లు ఒకసారి, గులకరాయి ఉంటే రెండుసార్లు, గేదె అయితే ఆపకుండా కొట్టడం. మలుపు కోసం వెతుక్కునే కాళ్లు మెల్లగా తిన్నగా పోవడం నేర్చుకున్నాయి. కాని టైము మాత్రం పద్నాలుగు నిమిషాల కిందికి దిగలేదు. ఒకసారి పద్నాలుగు నిమిషాల పది సెకన్లు, ఒకసారి పద్నాలుగూ అయిదు. ఇంకా కాలు సాగాలి అండీ అన్నాడు ప్రదీప్.

అంతలో రంజాను నెల వచ్చింది. రోజా ఉండి, ఎదురుగా బుట్టలో గ్లాసు నిండా నీళ్లు పెట్టుకుని ఎండలో సైకిలు తొక్కే మనిషిని ఈ ఏలూరులో ఎవరైనా చూశారా అని నసీమా తలుపుకి అడ్డంగా నిలబడింది. సరేనని ఆ నెల ఆపారు. పండగ అయ్యాక పరీక్షలు వచ్చాయి. సాధనంతా మళ్లీ గచ్చు మీదే. ప్రదీప్ దగ్గర కూర్చుని ఇక్బాల్ తేదీలన్నీ ముందేసుకున్నాడు. పండగ చూశాడు, పరీక్షలు చూశాడు, ఎండలు చూశాడు, పేరు పంపడానికి ఆఖరు రోజు చూశాడు. చివరికి ఏప్రిల్ మూడో ఆదివారం ఖాయం చేశాడు. ఆ మర్నాడు సోమవారమే గడువు. ముందుగా ఒకసారి వెళ్లి రోడ్డు చూసుకోవద్దా అబ్బాజాన్ అని వసీమ్ అడిగితే, రోడ్డు ఎక్కడికి పోతుందిరా అన్నాడు.

రోడ్డు ఎక్కడికీ పోలేదు. ఆ ఆదివారం ఉదయం ఏడింటికి గట్టెక్కి చూస్తే అక్కడే ఉంది, ధాన్యం కింద.

దాళ్వా కోతలు. పుట్టి పెరిగిందంతా ఈ వరి దేశంలోనే అయినా, సైకిళ్ల మధ్య బతికిన మనిషికి ఆ సంగతి బుర్రకి తట్టలేదు. మిషను కోసిన పచ్చి ధాన్యం ఆరబెట్టుకోవడానికి రైతులు రోడ్డు పొడుగునా రాశులు పోసి ఉంచారు. రాత్రి కప్పిన నల్ల టార్పాలిను బరకాలు తీసి, మడిచి, అంచున రాళ్లు పెట్టి, ధాన్యం పరుస్తున్నారు. చూపు ఆనినంత మేర పసుపు రంగు. బళ్లకని ఒక పక్కగా నాలుగడుగుల దారి వదిలారు గానీ దాని మీదా గింజలు రాలి ఉన్నాయి. చక్రం కింద ఒక్క గింజ దొర్లితే చాలు, పిల్ల పళ్లు రాలతాయి.

ప్రదీప్ బండి దిగి, హెల్మెట్ తీసి హ్యాండిలుకి తగిలించాడు. షాహీన్ అప్పటికే ఆటోలో కూర్చుని స్కేట్లు కట్టుకుంటోంది. బయటికి చూసి, కట్టిన తాడు విప్పడం మొదలుపెట్టింది. ఏడవలేదు. ఏడిస్తే ఇక్బాల్‌కి కాస్త తేలికగా ఉండేది.

వాళ్లని అడిగి ధాన్యం ఎత్తిద్దామా అని వసీమ్ అన్నాడు. ఇక్బాల్ తల అడ్డంగా ఊపాడు. ఆకాశం చూశావా అన్నాడు. దక్షిణాన కొల్లేటి మీద బూడిదరంగు మబ్బు ఒకటి కూర్చుని ఉంది. నాలుగు నెలల కష్టం ఆరబోసుకున్న వాళ్లని, పదమూడు నిమిషాలు పక్కకి జరపండి అని ఏ నోటితో అడగడం? తేదీ వేసింది తను. తప్పు తనది.

"ఇది నా బుద్ధితక్కువండి ప్రదీప్ గారూ. మీరు చెప్పిన తేదీ అయితే కాదు కదా, నేనే పట్టుబట్టి వేయించాను" అన్నాడు.

తొమ్మిది వరకూ చూద్దామండి, తొమ్మిది దాటితే ఈ ఎండకి పిల్లని దింపను, అని ప్రదీప్ అన్నాడు. ఇంకో రోడ్డేదైనా ఉందా అని అడిగాడు. ఇక్బాల్ జేబులోంచి క్యాలెండరు కాగితాలు తీసి తిరగేశాడు. నాలుగు వేళ్లు, అయిదు వేళ్లు, గ్లాసంతా.

వీళ్ల తంతు అంతా దగ్గరి రాశిలో నడుస్తున్న ఒక పెద్దావిడ గమనిస్తోంది. పేరు వీరరాఘవమ్మ. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, ఒట్టి కాళ్లతో ధాన్యంలో ఈడ్చుకుంటూ నడుస్తోంది. అలా నడిస్తే వెనక చాళ్లు పడి, అడుగున ఉన్న పచ్చి గింజ పైకి వస్తుంది. ఆవిడ చాలు మధ్యలోనే ఆగి, నేరుగా వీళ్ల దగ్గరికి వచ్చింది. మీదే ఊరండీ అంది. ఆ పిల్ల ఎవరు, ఆ చక్రాలు ఎన్ని, పడితే ఎలా, చదువుతోందా, తల్లి రాలేదేం అని వరసగా అడిగింది. అన్నిటికీ వసీమ్ ఓపిగ్గా సమాధానాలు చెప్పాడు. ఆఖరికి ఆవిడ చూపు సైకిలు బుట్ట మీద పడింది.

"ఏవండీ, ఆ నీళ్ల గ్లాసేమిటండీ, దాహానికా?"

"దాహానికి కాదమ్మా, రోడ్డు పరీక్షకి" అని ఇక్బాల్ తన పద్ధతంతా చెప్పాడు. జనవరిలో ఇక్కడ ఒక్క చుక్క ఒలకలేదని కూడా చెప్పాడు.

ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని, అతన్నీ గ్లాసునీ మార్చి మార్చి చూసింది.

"మీరు గ్లాసుతో చూశారు, మేము అరికాలితో చూస్తామండి. గరుకుంటే ఎత్తేటప్పుడు గింజ చితుకుతుంది, గులకుంటే ధాన్యంలో కలుస్తుంది. నున్నగా ఉండాలి, బళ్లు తిరక్కూడదు, ఎండ తగలాలి. ఈ చుట్టుపక్కల అలాంటిది ఇదొక్కటే. మీరు ఊళ్లన్నీ వెతికి వెతికి మా కళ్లంలోకే వచ్చారు" అంది.

ఇక్బాల్‌కి నవ్వు వచ్చింది, నవ్వలేకపోయాడు. ఇన్నాళ్లూ లారీ డ్రైవర్లని అడిగాడు, ఆటోవాళ్లని అడిగాడు, బ్యాంకు ఆఫీసర్లని అడిగాడు. రోడ్డుని రోజంతా ఒట్టి కాళ్లతో తొక్కే వాళ్లని అడగాలని తోచలేదు.

అప్పుడు షాహీన్ ఆటో దిగింది. మేజోళ్లతోనే వచ్చి ఆవిడ ఎదురుగా నిలబడి, "అమ్మమ్మగారూ, నున్నగా ఉండి కూడా మీరు ధాన్యం పొయ్యని రోడ్డు ఎక్కడైనా ఉందాండీ?" అని అడిగింది.

వీరరాఘవమ్మ ఆలోచించలేదు. "ఉందమ్మా, నీడ రోడ్డు. కాలవ అవతలి గట్టు. మా ఇంట్లో గచ్చు కూడా అంత నున్నగా ఉండదు. మొదలు నించి చివరిదాకా నిద్రగన్నేరు చెట్లు, కింద సూర్యుడు కనపడడు. రెండేళ్ల కిందట మా ఆయన నా మాట వినకుండా అక్కడ పోశారు. నాలుగో రోజుకి మొలకలొచ్చాయి. ధాన్యం పోసి నారుమడి వేసుకొచ్చారని ఊరంతా నవ్వింది. ఆ తరవాత అక్కడ ఎవరూ పొయ్యరు."

పక్క రాశి దగ్గర ఒక పెద్దాయన, సుబ్బారావు గారు, తలపాగా సర్దుకుంటూ అటు తిరిగిపోయారు. ఆవిడ భర్త ఆయనే.

ఇక్బాల్ గబగబా కాగితాలు తిరగేశాడు. ఉంది. అవతలి గట్టు సిమెంటు రోడ్డు, గ్లాసంతా. దాని మీద అడ్డంగా గీత. అతనికి గుర్తొచ్చింది. వంతెన దిగగానే గ్రావెలు, దాని మధ్యలో పగిలిన తూము. మొదటి వంద గజాల్లోనే గ్లాసు ఖాళీ అయితే, అక్కడినించే వెనక్కి తిరిగిపోయాడు. ఆ గ్రావెలు అవతల ఏముందో చూడనే లేదు.

ఆ ముక్క అతను దాచలేదు. చెప్పేశాడు. వీరరాఘవమ్మ, "ఏవండీ, ఇంకో రెండు చాళ్లు మీరు నడవండి. నేనిప్పుడే వస్తా" అని భర్తకి చెప్పి, ఎవరూ పిలవకుండానే ఆటో ఎక్కి కూర్చుంది. ఊడవడానికి పరక పెట్టుకున్నారా అని అడిగింది. లేదంటే, దారిలో ఒక దొడ్డి దగ్గర ఆపించి రెండు పచ్చి కొబ్బరిమట్టలు ఆటో వెనక కట్టించింది. ఆకు రాలి ఉంటుంది, ఒకసారి ఈడ్చుకుంటూ పోతే సరి అంది.

వంతెన దిగాక గ్రావెలు దగ్గర షాహీన్‌ని వసీమ్ ఎత్తుకుని దాటించాడు, చిన్నప్పుడు బురదలో దాటించినట్టే. అక్కడినించి మొదలైంది రోడ్డు. తెల్లటి సిమెంటు, మీద రాలిన లేత గులాబీ పూల పొడి, పైన రోడ్డుకి ఈ పక్క కొమ్మలూ ఆ పక్క కొమ్మలూ కలిసిపోయి ఉన్నాయి. పక్కన కాలవ నీళ్లు చల్లగా పోతున్నాయి. ప్రదీప్ బండి మీద వెళ్లి దూరం కొలిచాడు. కాలవకి గేట్లున్న లాకుల దాకా రెండున్నర కిలోమీటర్లు, పోయి రావాలి. వసీమ్ ఆటోకి కట్టిన మట్టలు రోడ్డంతా ఊడ్చుకుంటూ ఒకసారి వెళ్లి ఒకసారి వచ్చాయి. వెనక సీట్లో కూర్చున్న వీరరాఘవమ్మ ఊరేగింపులో పెళ్లికూతురి మేనత్తలా అటూ ఇటూ చూస్తూ, ఇక్కడ ఉండిపోయింది, ఇంకాస్త ఎడంగా పోనీండి అని చెబుతూ వచ్చింది.

ఎనిమిది ఇరవైకి షాహీన్ గీత దగ్గర నిలబడింది. ఇక్బాల్ ఎప్పటిలాగే సైకిలెక్కి ముందు నిలబడ్డాడు. ప్రదీప్ ఊ అని, గడియారం నొక్కి, బండి మీద లాకుల దాకా ముందు వెళ్లిపోయాడు.

చల్లటి నీడలో రోడ్డు జారిపోతోంది. ఇక్బాల్ తన ఒంట్లో ఉన్న బలమంతా పెడల్ల మీద పెట్టి తొక్కుతున్నాడు. ఈ రోజు తను గట్టిగా తొక్కితే పిల్ల గట్టిగా వస్తుందని అతని లెక్క. కిలోమీటరు దాటేసరికి ఆయాసం మొదలైంది. రెండో కిలోమీటరులో తొడలు మండాయి. వెనక చక్రాల చప్పుడు వింటూ పోతున్నాడు. ఆ చెవికి అన్నీ తెలుస్తాయని చెప్పాను కదా. స్కేటు బాగా పోతున్నప్పుడు రెండు కాళ్ల చప్పుడూ పొడుగ్గా, సమంగా వస్తుంది. షాహీన్ చప్పుడు అలా లేదు. రెండు పొడుగు తోపులు, ఒక పొట్టిది. రెండు పొడుగు, ఒక పొట్టి. ఆ పొట్టి దాని తరవాత సన్నగా గీరుతున్న చప్పుడు.

లాకుల దగ్గర తిరిగేసరికి ఏడు నిమిషాలు పూర్తయ్యాయని ప్రదీప్ కేకేసి, మళ్లీ బండి మీద గీత దగ్గరికి వెళ్లిపోయాడు. అంటే మళ్లీ పద్నాలుగే. వెనక్కి తిరిగాక పది గజాలు పోయాడో లేదో, ఆ గీరుడు మళ్లీ వినిపించింది. అది బేరింగు చప్పుడు కాదు, రోడ్డు చప్పుడూ కాదు. అది బ్రేకు. పిల్ల రెండు తోపులకొకసారి మడమ ఆనించి ఆపుకుంటోంది. అతని వెనక చక్రానికి తగలకుండా ఆపుకుంటోంది. ఇవాళే కాదు, ఫిబ్రవరి నించీ అంతే. పద్నాలుగు నిమిషాలు షాహీన్ టైము కాదు. అది ఇక్బాల్ టైము.

ఒక్క క్షణం అతను హ్యాండిలు వదల్లేకపోయాడు. ముందు కుక్క వస్తే? గులక ఉంటే? కాయ రాలితే? రోడ్డెక్కిన ప్రతిసారీ ఆ పిల్లకీ రోడ్డుకీ మధ్య ఉన్నది తనే.

చట్టున సైకిలుని గట్టు అంచుకి తోసి, కాలు కింద పెట్టి ఆగిపోయాడు.

"పో తల్లీ, దాటిపో. నా కోసం చూడకు" అన్నాడు.

షాహీన్ అతని పక్కనించి వెళ్లింది. వెళ్లేటప్పుడు ఒకసారి చూసింది, అంతే. నడుం వంచింది. కాళ్లు సాగాయి. పొడుగు తోపు, పొడుగు తోపు, పొడుగు తోపు. రోడ్డు మీద అతను ఆ పిల్ల వీపు చూడటం అదే మొదటిసారి. చిన్నపిల్ల వీపులా లేదది. నీడలో చిన్నదైపోతూ, ఒంపు దగ్గర కొమ్మల మాటున కలిసిపోయింది. చప్పుడు మాత్రం ఇంకా కాసేపు వినిపించింది, సమంగా.

తరవాత అతను మెల్లగా తొక్కుకుంటూ వచ్చాడు. గ్రావెలు దగ్గరికి చేరేసరికి అందరూ నిలబడి ఉన్నారు. ప్రదీప్ చేతిలో గడియారం చాపాడు. ఇక్బాల్ కళ్లద్దాలు ఆటోలో ఉండిపోయాయి. ఆ చిన్న అంకెలు అతనికి అలికేసినట్టున్నాయి. గడియారాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూస్తుంటే, రోడ్డు పక్కన కూర్చుని రొప్పుతున్న షాహీన్ అంది:

"పన్నెండు నిమిషాల యాభై మూడు సెకన్లు, దాదా."

ఇక్బాల్ ఆ పిల్ల పక్కన కూలబడ్డాడు. "ఇంత బలం పెట్టుకుని ఇన్నాళ్లూ నన్నెందుకు దాటలేదే?" అని అడిగాడు.

"మీరు తొక్కలేకపోతున్నారని మీకు తెలిసిపోతుందని" అంది షాహీన్, తాళ్లు విప్పుకుంటూ.

అతను పిల్ల నెత్తి మీద చెయ్యి వేసి అలాగే ఉంచాడు. చెమటకి జుట్టంతా తడిసి ఉంది.

ప్రదీప్ ఆటో సీటు మీద కాగితం పెట్టి పేరూ, టైమూ రాసుకుంటున్నాడు. వసీమ్ సంతకం పెట్టి, విశాఖలో రోడ్డు ఎలా ఉంటుందండీ అని అడిగాడు. సముద్రం పక్కనేనండి, ఆ రోజు బళ్లన్నీ ఆపేస్తారు, ముందు ఎవరూ ఉండరు, పిల్ల ఒక్కతే పోవాలి అన్నాడు ప్రదీప్. ఆ మాట విని ఇక్బాల్ షాహీన్ వైపు చూశాడు. పోతుంది అన్నాడు.

వీరరాఘవమ్మ అప్పటికే విప్పిన స్కేటు ఒకటి ఒళ్లో పెట్టుకుని, చక్రాన్ని వేలితో తిప్పి చూస్తోంది. ఇంతసేపు ఆగకుండా తిరుగుతోందేమిటండీ, లోపలేముంది, విప్పితే మళ్లీ బిగించొచ్చా అని అడిగింది. మబ్బు ఇంకా కొల్లేటి మీదే ఉంది. సుబ్బారావు గారు ఒక్కరే చాళ్లు తీస్తూ ఉంటారు. మిమ్మల్ని దింపాలి కదండీ అని వసీమ్ తొందరపెట్టాడు. పదండి, దారిలో చెబుతారు, అని ఆవిడ స్కేటుతో సహా ఆటో ఎక్కింది. ఇక్బాల్ ఆవిడ పక్కన కూర్చుని, జేబులోంచి చిన్న స్పానరు తీసి, ఒక్కో చక్రంలోనూ రెండేసి బేరింగులుంటాయమ్మా అని మొదలుపెట్టాడు.